జలకన్య గొంతు మీద జనాభిప్రాయం

ఇరవై ఎనిమిదేళ్లకి వృత్తి విరమణ అంటే మా వీధిలో నవ్వుతారు. మా నాన్నగారు తన జీవితమంతా బడిపంతులుగా చేసి, దండ వేయించుకుని, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చారు. నేను నాలుగేళ్లు చేసి, టేబులు మీదున్న మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకుని వచ్చేశాను. అయినా దీన్ని విరమణే అంటాను. ఎవరెంత పిలిచినా ఆ పనికి మళ్లీ వెళ్లను కనుక.

నేను చేసిన పనికి ప్రేక్షకాభిప్రాయ విశ్లేషణ అని పెద్ద పేరుంది. టీవీలో ఒక సీరియల్ వస్తుంది. దాన్ని చూసినవాళ్లు ఫోన్లోనూ ఇంటర్నెట్లోనూ ఏదో ఒకటి అంటారు. అదంతా విని, చదివి, వారానికోసారి ఒక పేజీ రాసి ఛానలుకి పంపాలి. తెలుగు ఎమ్మే చదివిన ఆడపిల్లలు ఈ పనికి బాగా సరిపోతారని ఎవరో కనిపెట్టారు. మేం ఎంతైనా చదువుతాం, ఎదురు మాట్లాడం. అదీ మా అర్హత.

మా వైపు పిల్లలు ఇప్పుడు ఈ పనుల్లోకి చాలామంది వెళ్తున్నారు. సెలవులు, జీతాలు, పైకెక్కే మెట్లు, ఇవన్నీ చేరే రోజున కంపెనీయే చెబుతుంది. అది చెప్పని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

చూడలేక చూసేవాళ్లు

మా ఆఫీసు కొత్తవలసలో, స్టేషనుకి దగ్గరగా, ఒక మొబైల్ షాపు పైన ఉండేది. కిరండోలు వైపు నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడేవి. నేను గజపతినగరం నుంచి పాసింజరులో వచ్చేదాన్ని. రైల్లో పుస్తకం చదువుకునేదాన్ని. రైలు దిగాక జనం రాసింది చదివేదాన్ని. ఈ రెంటి మధ్యా దూరం నాకు ఏ రోజూ అలవాటు కాలేదు.

మాకు అప్పగించిన సీరియల్ పేరు ‘ఉప్పునీటి హాస్టల్’. తార, వెన్నెల మొదలైన నలుగురు జలకన్యలు మనుషుల్లా వేషం మార్చుకుని వచ్చి, ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుంటారు. ఉప్పునీళ్లు తగిలితే కాళ్లు పోయి తోక వచ్చేస్తుంది. వార్డెన్‌కి తెలియకుండా ఆ తోక దాచుకోవాలి. కథ అంతే. టీనేజీ పిల్లల కోసం అని ప్రకటించారు గానీ చూసేది అన్ని వయసులవాళ్లూను.

ఈ పనిలో నేను మొదట తెలుసుకున్నది, అభిప్రాయం చెప్పేవాళ్లలో ఎక్కువమంది సీరియల్ చూడరని. టీవీ నడుస్తుంటుంది, వాళ్లు దాని ఎదురుగా కూర్చుని ఉంటారు, అది వేరే సంగతి. ఒకాయన ప్రతి వారం ‘ఈ చెత్త చూడలేకపోతున్నాం’ అని రాసేవాడు. ఏ వారమూ మానలేదు. చూడలేకపోవడానికి అంత ఓపిక ఉన్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఒక కాలేజీ లెక్చరరుగారు తోక బరువు ఎంత, ఆ బరువుతో పిల్ల నీళ్లలో ఎంత లోతుకి మునగాలి అని లెక్క వేసి పంపేవారు. ఒకావిడ ఫోన్ చేసి, నాలుగో జలకన్యగా వేసే పిల్ల ఎవరి తాలూకు, ఏ కులమని అడిగింది. తెలీదండీ అన్నాను. ‘జలకన్యలకీ ఉంటాది కదమ్మా ఏదో ఒకటి’ అంది. 

తెలివైన ప్రశ్న వేసినవాళ్లు లేకపోలేదు. సాలూరు నుంచి ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి, ‘కన్నీళ్లు కూడా ఉప్పగానే ఉంటాయి కదా, మరి వెన్నెల అంతసేపు ఏడిస్తే తోక ఎందుకు రాలేదు’ అని అడిగింది. ఆ ప్రశ్న నేను పైకి పంపాను. ‘ఇలాంటివి పంపకండి, రచయితలు డిస్టర్బ్ అవుతారు’ అని జవాబొచ్చింది. తర్వాతి వారం వెన్నెల ఇంకా ఎక్కువసేపు ఏడ్చింది.

మా అమ్మ చర్చిలో స్త్రీల సమాజం చూసుకుంటుంది. ‘ఎమ్మే సదివి సేపపిల్లల తోకలు లెక్కెడతావేటే’ అనేది.

మూడు కుప్పలు

మా మేనేజరు పైడిరాజుగారిది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. ఇంటి నుంచి ఫోనొస్తే ‘ఏటే, సెప్పు’ అనే మనిషి, హైదరాబాదు నుంచి ఫోనొస్తే కుర్చీలో నిటారుగా కూర్చుని, వార్తలు చదివినట్టు మాట్లాడేవారు. రెండు ఫోన్లూ ఒకేసారి వస్తే ఏమవుతుందా అని మేం చూసేవాళ్లం. ఒకసారి వచ్చాయి కూడా. ఆయన భార్యతో ‘తప్పకుండా మేడమ్’ అన్నారు.

చేరిన రోజునే ఆయన నాకు పని నేర్పారు. వచ్చినవన్నీ మూడు కుప్పలు చేయాలి. బాగుంది, బాగోలేదు, చెత్త. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు పాఠం చెప్పారు.

“పైవాల్లు ఏటి ఇనాలనుకుంటన్నారో ముందు కనుక్కోవాల. జనాలు ఏటన్నారో తర్వాత సూసుకోవచ్చు. రెండూ కలిస్తే అది రిపోర్టు. కలవకపోతే...”

“కలవకపోతే ఏంటి సార్?”

“చెత్తకుప్ప ఎందుకున్నాదమ్మా మరి?”

ఆయన్ని నేను దుర్మార్గుడని అనను. దుర్మార్గానికి కూడా కొంత పట్టుదల కావాలి. ఆయన పై నుంచి వచ్చే గాలి చూసుకుని పడవ నడుపుకునే మనిషి. ఆ పైన ఉండేది నీరజ మేడమ్. ఛానలులో సీరియళ్లన్నీ ఆవిడ చేతిలో ఉండేవి. ఆవిడని మేం తెర మీద చూడటమే తప్ప ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. ‘ఆడియన్స్ ఏమనుకుంటున్నారు’ అని ఆవిడ అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు అప్పటికే ఆవిడ దగ్గర ఉండేది. మా పని దానికి సంతకాలు సేకరించడం.

అభిమానుల గొడవ వేరే. తార అభిమానులు, వెన్నెల అభిమానులు రెండు సేనలు. టోల్‌ఫ్రీ నంబరుకి ఒకే మనిషి పొద్దున్నించి సాయంత్రం దాకా ఫోన్లు చేసి తార తార అంటుంటే పడలేక, ఛానలు ఒక నియమం పెట్టింది. ఒక ఫోను నంబరు నుంచి వారానికి ఎన్ని అభిప్రాయాలొచ్చినా ఒక్కటిగానే లెక్క. ఇంటర్నెట్లో అయితే ఒక ఖాతాకి ఒక అభిప్రాయం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఒకే కుర్రాడు డజన్లకొద్దీ ఖాతాలు తెరిచి, అన్నిటిలోనూ ఒకే అక్షరదోషంతో రాస్తే అతను డజన్లకొద్దీ మంది కింద లెక్కయ్యేవాడు. ఆ దోషం చూపించాను. ‘ఖాతాలు వేరే కదమ్మా’ అన్నారు పైడిరాజుగారు.

రేవతి

నాలుగో జలకన్య పేరు గవ్వ. ఆ వేషం వేసిన అమ్మాయి రేవతి. భావనపాడులో చేపలు పట్టేవాళ్ల పిల్ల. సముద్రపు పిల్లలు నలుగురిలో సముద్రం పక్కన పుట్టింది ఆమె ఒక్కతే. మిగతా ముగ్గురూ నీళ్ల సీనుకి ముందు జలుబు మాత్రలు వేసుకునేవారట. రేవతి తన మాటలు తనే చెప్పుకునేది. టీవీ తెలుగు నేర్పించి మాట్లాడించినా, కోపం వచ్చే సీనులో ఊరి మాట వచ్చేసేది. ‘ఏంటి చూస్తున్నావు’ అని రాసిస్తే ‘ఏటి సూస్తన్నావు’ అని బయటికొచ్చేది. ఆ ఒక్క చోటే సీరియల్లో మనిషి మాట్లాడినట్టుండేది. ఇది నా అభిప్రాయం. నా అభిప్రాయం ఏ కుప్పలోనూ పడదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

అభిమానుల సేనలకి ఆ గొంతు నచ్చలేదు. ‘జలకన్య ఇలా మాట్లాడుతుందా’ అని రాసేవారు. జలకన్యలు మామూలుగా ఎలా మాట్లాడతారో వీళ్లకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ‘పనిమనిషి వేషం ఇవ్వండి’ అని ఒకడు. ‘చేపల కంపు ఇక్కడికి కొడుతోంది’ అని ఇంకొకడు. వాడు రోజూ చేపలు తినేవాడే అయ్యుంటాడు.

ఒకసారి రేవతి ఊరికి వెళ్తూ మా ఆఫీసుకొచ్చింది. ప్రేక్షకులతో ఫోన్లో మాట్లాడించే కార్యక్రమం ఒకటి పెట్టారు. అది అయ్యాక నా పక్కన కూర్చుని నా డబ్బాలో పులిహోర తింది. నేను కొత్తవాళ్లతో మాట్లాడలేను. ఆమెకి ఆ ఇబ్బంది లేదు.

“అక్కా, జనాలు నా గొంతు బాగోలేదంతన్నారంట. నువ్వే కదా అవన్నీ సదివీది. నిజమేనా?”

“కొంతమంది అంటున్నారు.”

“కొంతమందంటే ఎంతమంది?”

ఆమె డబ్బా మూత పెట్టింది.

“డబ్బింగు పెట్టేస్తామని మేడమ్ అన్నాది. నాకు ముందు ఇంకో సీరియల్లో ఒక పిల్లకి అలాగే సేసినారక్కా. ముందు గొంతు తీసీసినారు. తర్వాత భాగానికి మనిషినే తీసీసినారు. మేకప్పేసి, సవురం పెట్టి, తోక తొడిగితే మేం నలుగురం ఒక్కలాగే ఉంతాం. నా నోరిప్పితేనే అది నేను.”

“అలా జరగదులే,” అన్నాను. అలా అనడానికి నాకు ఏ ఆధారమూ లేదు.

“మా పిన్నికి సెప్పినాను. నువ్వు బెంగెట్టుకోకు, మేమందరం ఫోన్ సేస్తామన్నాది,” అంది రేవతి.

ఒక నంబరుకి ఒక అభిప్రాయం

పిన్ని పేరు రాజులమ్మ. ఆ వారమే ఫోన్ చేసింది. సాయంత్రం వచ్చే సీరియల్‌ని మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తారు. భావనపాడు ఆడవాళ్లు చూసేది అది. పొద్దున్నే చేపలు అమ్ముకుని వచ్చి, వంటలైపోయాక, రాజులమ్మ ఇంటి అరుగు మీదకి అందరూ చేరతారు. టీవీని గుమ్మంలోకి తిప్పుతారు. అయిపోయిన వెంటనే రాజులమ్మ ఫోన్ తీసి తెర కింద కనిపించే నంబరు కొట్టింది.

“అమ్మా, మా గవ్వ బాగా సేస్తంది. దాని గొంతు మార్సొద్దు. ఇదీ నా అభిప్రాయం. రాసుకున్నావా?”

“రాసుకున్నానండీ.”

“అయితే ఉండు, ఎర్రమ్మ మాటాడతాది.”

ఎర్రమ్మ మాట్లాడింది. తర్వాత పోలమ్మ. తర్వాత ఇంకో ఎర్రమ్మ, ‘నాను వేరే ఎర్రమ్మనమ్మా, కలిపీకు’ అంటూ. ఒక ముసలావిడ, ‘ఆ వెన్నెల గుంట ఏటమ్మా, తోకొచ్చినా ఏడుపే, కాళ్లొచ్చినా ఏడుపే’ అంది. ఫోను చేతులు మారుతూనే ఉంది. పాతిక ముప్పై మంది దాకా మాట్లాడారు. ప్రతి ఒక్కరూ ముందు తమ పేరు చెప్పి, తర్వాత మాట చెప్పారు. నాలుగేళ్లలో తమ పేరు చెప్పి అభిప్రాయం చెప్పినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

మధ్యలో ఆపి అడిగాను. “మీ మీ ఫోన్ల నుంచి చేయొచ్చు కదండీ?”

“మా ఫోన్లు మా కాడెక్కడుంటాయమ్మా,” అంది రాజులమ్మ. “మగోల్లవి పడవల మీదున్నాయి. పిల్లలవి కాలేజీకి పోనాయి. ఇది డ్వాక్రా గ్రూపు పని కోసం నా కాడున్నాది.”

అన్ని పేర్లూ రాసి పైడిరాజుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చూసి పైన ఫోను నంబరు మీద వేలు పెట్టారు.

“నంబరు ఒకటే కదా.”

“మనుషులు వేరు సార్. నేను విన్నాను.”

“నువ్వు ఇన్నావమ్మా. నంబరు ఇనలేదు.” ఆ వాక్యం తనకే నచ్చినట్టు ఇంకోసారి అన్నారు.

ఆ వారం పేజీలో గొంతు బాగుంది అన్న వరుసలో భావనపాడు మొత్తం ఒక్క అంకె. బాగోలేదు అన్న వరుసలో ఒకే అక్షరదోషం ఉన్న డజన్ల కొద్దీ ఖాతాలు. కింద కనీసం ఒక వాక్యమైనా ఉండాలని, ఒకే ఫోనులో చాలామంది మాట్లాడారని నేను రాశాను. పంపే ముందు ఆయన దాన్ని కొట్టేశారు. ‘ప్రేక్షకుల అభీష్టం మేరకు’ గవ్వకి హైదరాబాదు అమ్మాయి చేత డబ్బింగ్ చెప్పించడం మొదలుపెట్టారు.

మారిన గొంతు

ఆ కొత్త గొంతు పాఠ్యపుస్తకంలా ఉండేది. ఒక్క తప్పు లేదు. కోపం వచ్చినా కామాల దగ్గర ఆగేది.

ఇప్పుడు రాయబోయేది ఈ పనిలోకి వచ్చేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. గొంతు మారిన వారం అభిప్రాయాల కోసం నేను ఎదురుచూశాను. అవే ఖాతాల నుంచి వచ్చాయి. ‘గవ్వ యాస భరించలేకపోతున్నాం.’ ‘ఆ పల్లెటూరి గొంతు ఎప్పుడు మారుస్తారు.’ ‘ఎన్నిసార్లు చెప్పినా ఛానలుకి సిగ్గులేదు.’ తర్వాతి వారం కూడా అంతే. ఆ తర్వాతి వారం కూడా. హైదరాబాదులో పుట్టి పెరిగి, అక్షరం అక్షరం తూచి పలికే అమ్మాయి నోట్లో వీళ్లకి భావనపాడు వినిపిస్తోంది. వీళ్లు విన్నది ఏనాడూ గొంతుని కాదు. ఆ పిల్ల ఊరి పేరు ఒకసారి ఎక్కడో చదివారు, అప్పట్నుంచి దాన్నే వింటున్నారు.

మార్పు గమనించినవాళ్లు ఒక్కచోటే ఉన్నారు. రాజులమ్మ ఫోన్ చేసింది. ఈసారి ఎవరికీ ఇవ్వలేదు.

“అమ్మా, మా పిల్లకి ఒంట్లో బాగుందా? గొంతు పోనట్టున్నాది. దాన్నడిగితే ఏటీ సెప్పదు, బాగున్నానంతాది.”

“బాగానే ఉందండీ. ఆ గొంతు వేరే అమ్మాయిది.”

“మేం అంతమంది సెప్పినాం కదమ్మా.”



సమావేశం

నెలకోసారి నీరజ మేడమ్ తెర మీదకి వచ్చి అందరితో మాట్లాడేది. నేను వెనక వరుసలో కూర్చునేదాన్ని. నాలుగేళ్లలో ఆ సమావేశాల్లో నేను అన్నది ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ ఒక్కటే. అది కూడా నలుగురితో కలిపి.

ఆ రోజు పైడిరాజుగారు, గవ్వ గొంతు మీద వ్యతిరేకత ఇంకా కొనసాగుతోందని చదివారు. లేచి నిలబడ్డాను. నిలబడ్డాక ఇంక కూర్చోవడం ఎలాగో తెలియక మాట్లాడాను.

“మేడమ్, గొంతు మారి మూడు వారాలైంది. వీళ్లు తిడుతున్నది మీరు పెట్టిన కొత్త గొంతుని. అదీ పాత మాటల్తోనే తిడుతున్నారు. తేడా వినపడింది ఒక్క భావనపాడు వాళ్లకే. వాళ్లు పాతిక ముప్పై మంది ఉంటే మనం ఒక్కరని రాశాం.”

తెర మీద ఆవిడ ఎటో చూసి, మళ్లీ మావైపు చూసింది.

“ఇంట్రస్టింగ్,” అంది. “అంటే ఆడియన్స్‌కి కొత్త గొంతు ఇంకా అలవాటు కాలేదన్నమాట.”

అంత తెలివి గలవాళ్లతో ఇంకేం మాట్లాడాలో నాకు తెలియలేదు. ఆవిడే మళ్లీ, “అయినా ఆ డబ్బింగ్ అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోతోంది. ఇంకొకరు దొరికేదాకా ఒరిజినల్ వాయిస్ వేసేయండి, చూద్దాం,” అంది. నా మాట వల్ల కాదు. పెళ్లి ముహూర్తం వల్ల.

బయటికొచ్చాక పైడిరాజుగారు నన్ను చాలాసేపు చూశారు. “ఇన్నాల్లూ నోట్లో ముత్యాలు దాసుకున్నావేటమ్మా,” అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో ఆయనకీ తెలిసినట్టు లేదు. కానీ అది ఆయన సొంత మాట. ఆఫీసులో ఆయన అంత గట్టిగా తన ఊరి మాట మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

చివరి పేజీ

రేవతి గొంతు తిరిగొచ్చింది. అభిప్రాయాలూ వచ్చాయి. ‘హమ్మయ్య, చివరికి గవ్వ గొంతు మార్చారు. ఇప్పుడు ఎంత స్పష్టంగా ఉందో.’ ‘ఈ కొత్త అమ్మాయి చేత ముందే చెప్పించాల్సింది.’ ‘మా మాట విన్నందుకు ఛానలుకి కృతజ్ఞతలు.’ అదే ఖాతాలు, అదే అక్షరదోషం. గొంతు మారుస్తున్నామని ఛానలు వేసిన పాత ప్రకటన ఎవరో ఆలస్యంగా చూసి పంచారు. అందరూ దాన్ని చదివి, చదివింది విన్నారు.

పైడిరాజుగారు వాటిని సంతోషంగా బాగుంది కుప్పలో వేయమన్నారు. నేను పేజీలో ఒకే వాక్యం రాశాను. ‘గవ్వ ప్రస్తుత గొంతు ప్రేక్షకులకు నచ్చింది.’ అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నీరజ మేడమ్ చదివి, అయితే ఇదే ఉంచేయమంది. వచ్చే భాగానికి, అంటే తర్వాతి సీజనుకి కూడా రేవతి చేత సంతకం చేయించారు.

ఒక మంచి పని ఇంత తెలివితక్కువ దారిలో జరగడం చూశాక నాకు అక్కడ పనేమీ మిగల్లేదు. న్యాయంగా లెక్క కడితే రేవతి గొంతు ఓడిపోయింది, చెవిటి లెక్క కడితే గెలిచింది. కొత్తగా చేరే అమ్మాయిలకి నేను చెప్పగలిగింది ఇంతే. మీరు పంపే పేజీని ఎవరూ నిజం కోసం చదవరు. అయినా మీరు వినడం మానకండి. ఆ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది మీరొక్కరే.

రాజీనామా ఇచ్చిన వారం రేవతి నాకు ఫోన్ చేసింది.

“అక్కా, నా గొంతు ఉంచీసినారు. జనాలకి నచ్చిందని మేడమ్ సెప్పినాది. నిజమేనా?”

“నచ్చింది.”

“ఎవుల గొంతనుకొని నచ్చిందంట?”

ఆమె ఆ ప్రశ్న వేస్తుందని నేను అనుకోలేదు. దాచాలనిపించింది. కానీ గొంతు గురించి అబద్ధం చెప్పించుకోవడం ఆమెకి అప్పటికే ఎక్కువైంది. డబ్బింగ్ అమ్మాయిని తిట్టిన సంగతి, పాత ప్రకటన సంగతి, తన గొంతునే కొత్త గొంతనుకుని మెచ్చుకున్న సంగతి, అన్నీ వరసగా చెప్పేశాను. అటువైపు ఎక్కిళ్లలాంటి చప్పుడు వినపడింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

“అయితే వచ్చే భాగంలో సరిగ్గా మాటాడతానక్కా,” అంది. “ఇన్నాల్లూ భయపడి సగమే మాటాడినాను.”